మా వీధి ఆదర్శ కొలను

మా వీధి నివాసుల సంక్షేమ సంఘం ఈ సంవత్సరపు ఆదర్శ పెరటి కొలను బహుమతిని రిటైర్డ్ శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారి కొలనుకు ఏకగ్రీవంగా ప్రకటించిన సంగతి అందరికీ తెలిసిందే. ఆ కొలనులో చేపలు లేవన్న చిన్న విషయాన్ని పట్టుకొని కొందరు గిట్టనివాళ్లు వీధి మలుపులో నిలబడి ఏదేదో మాట్లాడుతున్నారు కనుక, అసలు జరిగింది ప్రజల ముందుంచడం సంఘం కార్యదర్శిగా నా బాధ్యత. నేను ఇన్‌స్పెక్టర్ గారి పక్కింటివాణ్ణి. ప్రహరీ గోడ మీద మోచేతులు ఆన్చి నిలబడితే వాళ్ల పెరడంతా నాకు కనిపిస్తుంది. నిష్పాక్షికమైన నివేదిక రాయడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడా దొరకదు.

ఆ కొలను చరిత్రలో రెండు యుగాలున్నాయి. మొదటిది అంధకార యుగం. ఆ తొమ్మిదేళ్లూ కొలనును ఇన్‌స్పెక్టర్ గారి భార్య చూసుకునేది. వీధిలో అందరికీ ఆవిడ అక్కయ్యే. ఆ వరసన ఇన్‌స్పెక్టర్ గారు మాకందరికీ బావగారు కావాలి గానీ, ఆ మాట ఆయన ముందు అనగలిగిన మగాడు ఈ వీధిలో ఇంకా పుట్టలేదు.

అక్కయ్య పద్ధతులు వింటే ఏ అధికారికైనా ఒళ్లు జలదరిస్తుంది. వారానికోసారి కొలనులోంచి పది బకెట్ల నీళ్లు తోడి మొక్కలకు పోసేది. క్లోరిన్ వాసన పోయేలా ముందురోజే డ్రమ్ములో పట్టి ఉంచిన కుళాయి నీళ్లు మళ్లీ అంతే పోసేది. ఫిల్టర్‌లోని స్పాంజి ముక్కలను కుళాయి కింద పెట్టి తెల్లగా ఉతకకుండా, అదే కొలను నీళ్లలో రెండుసార్లు పిండి, జిగురు జిగురుగా ఉండగానే తిరిగి పెట్టేసేది. చేపలు ఐదు నిమిషాల్లో తినగలిగినంతే మేత వేసేది. అవి ఇంకా కావాలని నోళ్లు తెరిస్తే, "చాల్లే, పొద్దున తిన్నది అరగనీండి" అని డబ్బా మూత పెట్టేసేది. రిజిస్టరు లేదు, తనిఖీ లేదు, ఎక్కడా ఒక్క సంతకం లేదు. ఏ అజమాయిషీ లేకుండా పదకొండు కోయి అనే రంగుల చేపలు అన్నేళ్లు బతికి, బలిసి, పిల్లల్ని కూడా చేశాయంటే అది కేవలం అదృష్టమని సంఘం అభిప్రాయపడుతోంది.

ఆ పిల్లల్ని అక్కయ్య ప్లాస్టిక్ సంచుల్లో నీళ్లు పోసి కట్టి కావలసినవాళ్లకు ఇచ్చింది. అలా వీధిలో మరో మూడు కొలనులు వెలిశాయి. ఒకటి పళ్ల డాక్టరుది, రెండోది ప్రింటింగ్ ప్రెస్సు యజమానిది, మూడోది నాది. కొలనులున్నవాళ్లం మేమే కనుక ప్రెస్సు యజమాని అధ్యక్షుడు, డాక్టరు కోశాధికారి, నేను కార్యదర్శి అయ్యాం. ఎన్నికలు సజావుగా జరిగాయి. పోటీ చేసినవాళ్లమూ, ఓటేసినవాళ్లమూ ముగ్గురమే.

అక్కయ్య చేపల్లో అన్నిటికన్నా పెద్దది నారింజ రంగులో ఉండి, తల మీద టోపీ పెట్టినట్టు తెల్ల మచ్చతో ఉండేది. ఎడమ కన్నుకు పొర కమ్మింది. ఆవిడ దాన్ని పెద్దావిడ అనేది. అక్కయ్య చెప్పుల చప్పుడు వినిపిస్తే చాలు, పెద్దావిడ గట్టు దగ్గరికి వచ్చి నిలిచేది. ఆవిడ చేతిలోంచే మేత తీసుకునేది, మరొకరి చేతిలోంచి తీసుకునేది కాదు. నేను చాలాసార్లు ప్రయత్నించాను. నా వేళ్లను వాసన చూసి వెనక్కి తిరిగిపోయేది.

రెండో యుగం ఇన్‌స్పెక్టర్ గారి పదవీ విరమణతో మొదలైంది. ముప్పై నాలుగేళ్లు ఊరి మురుగుకాలవలను గడగడలాడించిన మనిషి. మొదటి వారం వంటగదిని తనిఖీ చేయబోయి, రికార్డుల్లో లేని ఏదో కారణం వల్ల గడప దగ్గరే విరమించుకున్నారు. రెండో వారం స్నానాలగది చూశారు. మూడో వారం పెరట్లోకి వచ్చి, కొలను గోడ మీద వేలితో గీసి, ఆ వేలిని వెలుతురులో పెట్టి పరిశీలించారు.

"ఏమోయ్, ఏమిటిది?"

"పాచి అండీ" అంది అక్కయ్య.

"ఎన్నాళ్ల నుంచి ఉంది?"

"కొలను కట్టిన దగ్గర్నుంచీ ఉంది. నీళ్లని బాగుచేసేది అదే. గోకేస్తే చేపలకి పడదు."

"మురికి వచ్చి నీళ్లని బాగుచేస్తుందా? మరి నేనెందుకు చేసినట్టు అంత సర్వీసు?"

ఈ ప్రశ్నకు అక్కయ్య జవాబు చెప్పలేదు. అది ఆవిడ మంచితనం. మర్నాడు చేపల సామాన్ల షాపతన్ని పిలిపించింది. అతను గొంతుకూర్చుని, ఆ జిగురులో కంటికి కనిపించని క్రిములుంటాయనీ, చేపలు వదిలే మలంలోంచి పుట్టే విషాన్ని అవి తినేస్తాయనీ, ఫిల్టర్‌లో ఉన్నదంతా అవేననీ ఓపికగా వివరించాడు.

"ఎన్ని ఉంటాయి?" అని అడిగారు ఇన్‌స్పెక్టర్ గారు.

"కోట్లలో ఉంటాయి సార్."

"వాటి హాజరు ఎవరు చూస్తారు?"

షాపతను అక్కయ్య వైపు చూశాడు. "హాజరు ఏమిటి సార్, అవి ఇరవై నాలుగ్గంటలూ డ్యూటీలోనే ఉంటాయి. వాటిని చంపేశారంటే చేపలు వాటి ఉచ్చలో అవే చచ్చిపోతాయి."

పర్యవేక్షణ లేకుండా ఇరవై నాలుగ్గంటలూ డ్యూటీ చేసే సిబ్బందిని ఇన్‌స్పెక్టర్ గారు తన సర్వీసులో ఎన్నడూ చూడలేదు. చూడనిదాన్ని నమ్మడం ఆయనకు అలవాటు లేదు. ఆ సోమవారమే ప్రక్షాళన కార్యక్రమం జరిగింది. చేపల్ని ప్లాస్టిక్ టబ్బుల్లో వేసి, కొలను చుక్క లేకుండా తోడించి, గోడలను ఇనుప బ్రష్షుతో తోమించి, పైనుంచి బ్లీచింగ్ పౌడరు చల్లించారు. పాత ఫిల్టర్ పనికిరానిదని తేల్చి చెత్తలో పడేయించారు. కొత్త ఫిల్టర్ పెట్టి, కుళాయికి గొట్టం తగిలించి నేరుగా నింపారు. చెత్తలో పడిన ఫిల్టర్‌ను అక్కయ్య తడి గోనె చుట్టి ఎటో తీసుకుపోవడం నేను గోడ మీంచి చూశాను. ఆడవాళ్లు పాతవాటిని ఒక పట్టాన వదలరని అనుకొని ఊరుకున్నాను.

మధ్యాహ్నానికి కొలను అద్దంలా ఉంది. అడుగున పడిన గుండుసూది కూడా కనిపిస్తోంది. సంఘం కమిటీని ఆహ్వానించారు. అధ్యక్షుడు రిబ్బను కత్తిరించాక చేపల్ని నీళ్లలోకి వదిలారు. కాసేపటికి పదకొండూ పైకొచ్చి, నోళ్లు బార్లా తెరిచి, మొప్పలు కొట్టుకుంటూ మా వైపు చూశాయి.

"కృతజ్ఞత" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

మేం చేతులు ఊపాం. పళ్ల డాక్టరు వాటి నోళ్లు ఆరోగ్యంగా ఉన్నాయని ధ్రువీకరించారు. "చేపలు నీటిమట్టానికి వచ్చి, నోరారా తమ హర్షాన్ని వెలిబుచ్చినవి" అని మినిట్సు పుస్తకంలో నేనే రాశాను. ఆ పేజీ ఇప్పటికీ ఉంది. చింపేద్దామంటే పేజీలకు నంబర్లు వేసి ఉన్నాయి.

మర్నాడు ఉదయం రెండు చేపలు పక్కకు వాలి తేలాయి. అక్కయ్య గట్టు మీద మోకాళ్లూని వాటిని ఒక్కొక్కటిగా రెండు చేతులతో తీసి, గులాబీ మొక్క మొదట్లో పాతిపెట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకొని చేతులు కడుక్కుంది. ఇన్‌స్పెక్టర్ గారు విచారణ జరిపి మరణ కారణం వయోభారమని నిర్ణయించారు. వాటిలో ఒకదానికి రెండేళ్లు. తాను కొత్తగా తెరిచిన చేపల రిజిస్టరులో మాత్రం ఆ రోజు కూడా పదకొండు అనే రాశారు. మంజూరైన సంఖ్య పదకొండు. ఖాళీ వచ్చినంత మాత్రాన పోస్టు రద్దు కాదని ఆఫీసులో పనిచేసినవాళ్లెవరికైనా తెలుసు.

మూడోరోజు నీళ్లు మసకబారాయి. దాన్ని కుట్రగా భావించి ఇన్‌స్పెక్టర్ గారు మళ్లీ బ్రష్షు చేతపట్టారు.

"ఏమండీ, ఈ ఒక్కసారికీ వదిలేయండి" అంది అక్కయ్య. "పెద్దావిడ నిన్నట్నుంచీ మేత ముట్టలేదు. నా చేతిలోది కూడా తీసుకోవట్లేదు."

"తక్కువ తింటే తక్కువ మురికి చేస్తుంది. మంచిదేగా."

అక్కయ్య ఆయన్ను ఒక్కసారి తేరిపార చూసి లోపలికి వెళ్లిపోయింది. ముప్పయ్యేళ్లుగా ఆవిణ్ణి ఎరిగినవాణ్ణి, ఆ చూపు చూసి నేను గోడ మీంచి మోచేతులు తీసేశాను.

ఇన్‌స్పెక్టర్ గారు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పడుకుంటారు. ఆ రెండు గంటలూ ప్రపంచంలోని మురికిని దాని మానాన వదిలేస్తారు. ఆ రోజు రెండు దాటాక పెరట్లోంచి పిలుపొచ్చింది.

"తమ్ముడూ, గోడ మీంచి చూస్తూ ఉంటావా, దిగొచ్చి ఈ దుప్పటి చెంగు పట్టుకుంటావా?"

దిగాను. బట్టలుతికే బండ వెనకాల, ఇల్లు కట్టేటప్పుడు నీళ్ల కోసం కట్టించిన పెద్ద సిమెంటు తొట్టి ఉంది. నడుము లోతు. గోడల నిండా పాచి, పైన తేలే ఆకులు, పచ్చటి నీళ్లు. చెత్తలో పడేసిన పాత ఫిల్టర్ దాని మూల బుడబుడమంటూ పనిచేస్తోంది. మూడు రోజులుగా ఆవిడ దాన్ని అక్కడ బతికించి పెట్టిందన్నమాట. తడి దుప్పటిలో ఒక్కొక్క చేపనే మోసుకెళ్లి, తొట్టి నీళ్లు కొంచెం కొంచెం అలవాటు చేస్తూ వదిలాం. ఎనిమిది ఈదాయి. పెద్దావిడ పక్కకు వాలి, గోడకు ఆనుకొని ఉండిపోయింది.

రెండు రోజులు అది అలాగే ఉంది. అక్కయ్య రెండు గంటలకొకసారి వెళ్లి చూసి వచ్చేది. మూడోరోజు మధ్యాహ్నం అలవాటుగా నీళ్లలో చెయ్యి పెట్టింది. పెద్దావిడ మెల్లగా నిటారుగా తిరిగి, వచ్చి, ఒక్క మేత గుళిక తీసుకుంది. అక్కయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. నివేదికలో ఉండవలసిన విషయం కాదు గానీ, వచ్చింది.

ఇవతల ఇన్‌స్పెక్టర్ గారి తనిఖీ యథావిధిగా సాగింది. పన్నెండు రోజుల పాటు ఖాళీ కొలను పక్కన నిలబడి, రిజిస్టరులో ఇలా రాశారు: "చేపలు పదకొండు. ఆరోగ్యం సంతృప్తికరం. మల విసర్జన పూర్తిగా అదుపులోకి వచ్చినది. క్రమశిక్షణ మెరుగుపడినది." పదమూడో రోజు ఎందుకో కళ్లద్దాలు తుడుచుకొని నీళ్లలోకి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత అక్కయ్యను పిలిచారు.

"ఏమోయ్, కొలనులో..."

"శుభ్రంగా లేదా?"

"శుభ్రంగానే ఉంది."

"మరింకేం?"

ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగితే పన్నెండు సంతకాలకు సంజాయిషీ రాసుకోవాలి, అదీ తనకు తానే.

సరిగ్గా అప్పుడే సంఘం ఆదర్శ కొలను పోటీ ప్రకటించింది. నీటి స్వచ్ఛతకు యాభై మార్కులు, పాచి లేకపోవడానికి ముప్పై, వాసన లేకపోవడానికి పది, చేపలకు పది. చేపలే మురికికి మూలకారణం కాబట్టి మురికి చేసేవాటికి మార్కులివ్వడం పోటీ లక్ష్యానికే విరుద్ధమని ఇన్‌స్పెక్టర్ గారు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. వాదన గట్టిగా ఉంది. చేపల గడి కొట్టేసి, ఆ పది మార్కులూ గట్టుకు వేసిన రంగుకు కేటాయించాం. ఫలితం మీకు తెలుసు. మిగతా మూడు కొలనులూ ఆదర్శ కొలనును అనుసరించి పదిరోజుల్లోగా ప్రక్షాళన కావాలని తీర్మానం కూడా చేశాం. ముగ్గురం సంతకాలు పెట్టాం. ఎవరి సంతకమూ వణకలేదు.

మర్నాడు రెండున్నరకు నా నాలుగు చేపల్ని బకెట్లో వేసుకొని, పైన తువ్వాలు కప్పి, అక్కయ్యవాళ్ల వెనక గేటు దగ్గరికి వెళ్లాను. అక్కడ పళ్ల డాక్టరు బకెట్‌తో నిలబడి ఉన్నారు. ఆయన బకెట్ మీద క్లినిక్కు నాప్కిన్ కప్పి ఉంది. ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. ఇంతలో లోపల్నుంచి అధ్యక్షుడు ఖాళీ బకెట్‌తో బయటికొచ్చి, ఏదో ఇంటిపని మీద వచ్చినట్టు గొంతు సవరించుకొని వెళ్లిపోయారు.

అక్కయ్య మా బకెట్ల మీది గుడ్డలు తీసింది. చేపల్ని తీసుకుంటూ, "ఇంతకుమించి ఈ తొట్టిలో పట్టవు. తీర్మానాలు చేసేముందు కాస్త ఆలోచించుకోండి" అంది. అంతే అంది.

బహుమతి ప్రదానానికి నగర పారిశుధ్య విభాగం నుంచి ఒక పెద్ద అధికారి ముఖ్య అతిథిగా వస్తున్నారని తెలిశాక, ఇన్‌స్పెక్టర్ గారు ఇల్లంతా ముందస్తు తనిఖీ చేశారు. బట్టలుతికే బండ వెనక్కి అంతకుముందు ఎన్నడూ వెళ్లని మనిషి, ఆ రోజు వెళ్లారు. పచ్చటి నీళ్లు కనిపించాయి. పైన ఆకులు కమ్మి ఉండటంతో లోపలున్నవి కనిపించలేదు. గంటలో వంటగది తలుపు మీద నోటీసు అంటించారు. గృహిణి గారు సదరు మురికి తొట్టిని మూడు రోజుల్లో ఖాళీ చేసి బ్లీచింగ్ చేయవలెను, లేనిచో సంఘం కమిటీ సమక్షంలో ఇన్‌స్పెక్టర్ గారే ఆ పని జరిపించెదరు. అక్కయ్య నోటీసు చదివింది. తలుపు మీద దాన్ని అలాగే ఉండనిచ్చి, వంట చేసుకుంది.

నాలుగోరోజు ఉదయం కమిటీ హాజరైంది. ఒక చేత్తో రిజిస్టరు, మరో చేత్తో బ్లీచింగ్ పౌడరు సంచీ పట్టుకొని ఇన్‌స్పెక్టర్ గారు ముందు నడిచారు. అక్కయ్య తొట్టికి అడ్డంగా చేతులు కట్టుకొని నిలబడి ఉంది. ఇరవయ్యొక్క ప్రాణాలు ఆవిడ వెనక ఉన్నాయి. పన్నెండు మావే. మేం ముగ్గురం ముగ్గురి చెప్పులూ చూసుకుంటూ నిలబడ్డాం.

"చర్య తీసుకోవడానికి కమిటీ అనుమతి కోరుతున్నాను" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు, సంచీ మూతి విప్పుతూ.

అక్కయ్య పక్కకు జరిగింది. "తీసుకోండి. ముందు మీ ముగ్గురూ ఒకసారి లోపలికి చూసి, తర్వాత చెప్పండి."

ఆవిడ జరిగిన చప్పుడుకు ఆకులు కదిలాయి. చేపలు పైకొచ్చాయి. నల్లమచ్చల చిన్నది ఒకటి సరాసరి పళ్ల డాక్టరు ముందుకొచ్చి నోరు తెరిచింది. "బుజ్జీ" అన్నారు డాక్టరు, అని వెంటనే దగ్గారు. నా నాలుగూ నాకు కనిపించాయి. అధ్యక్షుడు తలెత్తి ఆకాశంలో ఏదో చదువుతున్నట్టు నిలబడి, కాసేపటికి తీర్పు చెప్పారు. సంఘం పరిధి వీధిలోకి కనిపించే వాటికే వర్తిస్తుంది. ఈ తొట్టి వీధిలోకి కనిపించదు. కనిపించనిది రికార్డుల ప్రకారం లేదు. లేని తొట్టిలో పౌడరు చల్లడం దుర్వినియోగం కిందికి వస్తుంది. నేనూ డాక్టరూ బలపరిచాం. ఇంత త్వరగా మేం దేన్నీ బలపరచలేదు.

ఇన్‌స్పెక్టర్ గారు మా మాటలు వింటున్నారో లేదో తెలియలేదు. తొట్టిలోకి చూస్తున్నారు. పెద్దావిడ అక్కయ్య చేతి దగ్గర తిరుగుతోంది. ఆయన పెదవులు కదులుతున్నాయి. తన ఇంటి చేపల్ని గుర్తుపట్టి లెక్కపెడుతున్నారని నాకు అర్థమైంది. తొమ్మిది దగ్గర పెదవులు ఆగిపోయాయి. ఓసారి గులాబీ మొక్క వైపు చూశారు. సంచీ మూతి మళ్లీ జాగ్రత్తగా కట్టారు.

"రూలు రూలే" అన్నారు. గొంతు మాత్రం రూలులా లేదు.

అయితే సమస్య ఇంకొకటి మిగిలింది. ముఖ్య అతిథి కొలను చూడటానికి వస్తున్నారు. చేపలేవని అడిగితే ఏం చెప్పాలి? తొట్టిలోవి తెచ్చి ఒక్క గంట వదులుదామని అధ్యక్షుడు అక్కయ్య ముందు సగం వాక్యం అన్నారు. మిగతా సగం అనలేదు. చివరికి ఆయనే బొమ్మల షాపు నుంచి పదకొండు ప్లాస్టిక్ చేపలు తెచ్చారు. బ్యాటరీతో తోక ఊపుతాయి. కొలనులో వదిలాక ఇన్‌స్పెక్టర్ గారు రిజిస్టరు తెరిచి చూశారు. పదకొండు. ఇన్నాళ్లకు మళ్లీ రిజిస్టరూ కొలనూ సరిపోయాయి.

సభ ఘనంగా జరిగింది. ముఖ్య అతిథి కొలను గట్టున పదినిమిషాలు నిలబడి, కళ్లు చెమర్చగా మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా, నా ఉద్యోగ జీవితంలో ఇటువంటి చేపల్ని నేను చూడలేదు. వీటికి ఆకలి లేదు, ఫిర్యాదు లేదు. నోరు తెరిచి అడగవు. ఎక్కడ వదిలితే అక్కడే తిరుగుతున్నాయి. తాము ఉన్న చోటును ఇసుమంత కూడా మురికి చేయడం లేదు. ఈ నగరంలో ప్రతి పౌరుడూ ఇలా ఉండగలిగితే మా విభాగానికి పనే ఉండదు. మీరందరూ ఈ చేపలు చూపిన బాటలో నడవాలని, మీ పిల్లల్ని కూడా ఇలాగే పెంచాలని కోరుతున్నాను."

మేమందరం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. చిన్నపిల్లల చేత కూడా కొట్టించాం. ఇన్‌స్పెక్టర్ గారు షీల్డు అందుకొని, సంతకం ఎక్కడ పెట్టాలో అడిగారు.

అతిథి కారెక్కి వెళ్లాక, ఒకరికొకరం చెప్పుకోకుండానే ముగ్గురం బట్టలుతికే బండ వెనక్కి చేరాం. ఇన్‌స్పెక్టర్ గారు అప్పటికే అక్కడున్నారు. షీల్డును బండ మీద పెట్టి, ప్యాంటు మడిచి, తొట్టి గట్టు మీద కూర్చున్నారు. అక్కయ్య ఆయన అరచేతిలో నాలుగు మేత గుళికలు పోసి, చెయ్యి కదపకుండా నీళ్లలో ఉంచమని చెప్పింది. సభలో పొంగిన ఉత్సాహం మాలో ఇంకా తగ్గలేదు. ఉపన్యాసం ఎంత గొప్పగా ఉందో, ముఖ్యంగా పౌరుల గురించి అన్న ముక్క ఎంత అద్భుతమో, దాన్ని అచ్చు వేయించి ఇంటింటికీ పంచాలని గట్టిగా మాట్లాడుకుంటున్నాం.

అక్కయ్య మా వైపు తిరిగింది.

"కాస్త మెల్లగా మాట్లాడండి. ఇవి బతికున్నాయి."